కట్టెల సౌనాలో కూర్చుని చల్లని సముద్రంలో దిగడం ఎలా: పిల్లల దగ్గరికి వెళ్ళే పెద్దవాళ్ళ కోసం

"అమ్మాయి వాళ్ళు సముద్రం ఒడ్డున కట్టెలతో కాచే సౌనాకి తీసుకెళ్తామంటున్నారు. ఎనభై తొంభై డిగ్రీల వేడిలో కూర్చోబెట్టి, ఆ తర్వాత మంచులాంటి సముద్రంలో దింపుతారట. వెళ్ళవచ్చా?"

గుంటూరు బ్రాడీపేటలో మా వీధిలోనే కొందరి పిల్లలు ఫిన్లాండ్‌లోనో ఐర్లాండ్‌లోనో ఉద్యోగాలు చేస్తున్నారు. తల్లిదండ్రులకు వీసా వచ్చిన వారంలోపే ఈ ప్రశ్న మా గుమ్మంలోకి వస్తుంది. విజయవాడ నుంచి మా వదిన స్నేహితురాళ్ళు ఫోన్ చేసి మరీ అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేటప్పుడు ఏదో ఒకటి మరిచిపోతున్నాను. ఆ మరిచిపోయిందే ముఖ్యమైనదని తర్వాత గుర్తొచ్చి నిద్ర పట్టడం లేదు. అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను.

వెళ్ళవచ్చు. ఆరోగ్యం సహకరిస్తే తప్పకుండా వెళ్ళండి. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో మా అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు నేను సెప్టెంబరులో ఒకసారి, ఫిబ్రవరిలో రెండుసార్లు వెళ్ళాను. నేను గమనించింది ఏమిటంటే, మనవాళ్ళు భయపడేది వేడికి, ప్రమాదం ఉండేది నీళ్ళలో. రోహిణి కార్తెలో గుంటూరు వంటింట్లో నిలబడి వంట చేసిన ఒంటికి వేడి ఎంతో కొంత పరిచయమే. చల్లని నీళ్ళే బొత్తిగా పరిచయం లేదు. సూర్యలంక దగ్గర సముద్రం ఏడాదిలో ఎక్కువ భాగం 25 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటుంది. కార్తిక మాసంలో తెల్లవారుజామున కృష్ణలో మునిగి వణుకుతూ బయటికి వస్తాం గానీ ఆ నీళ్ళు కూడా 20 డిగ్రీలకు పైమాటే. హెల్సింకీ సముద్రం ఫిబ్రవరిలో సున్నాకు దగ్గరగా ఉంటుంది. ఐర్లాండ్ తీరంలో చలికాలం చివర 8, 9 డిగ్రీలు, నిండు వేసవిలో కూడా 15, 16 డిగ్రీలు. మనం ఎన్నడూ ముట్టుకోని నీళ్ళు అవి. అందువల్ల ఈ వ్యాసంలో నీళ్ళ గురించే ఎక్కువగా చెబుతాను.

సౌనా అంటే చెక్కతో కట్టిన చిన్న గది. మెట్లలాగా పైకి పేర్చిన బల్లలు, ఒక మూల కట్టెల పొయ్యి, దాని మీద రాళ్ళ కుప్ప. వెనకటి రోజుల్లో పెరట్లో కాగు కింద కట్టెలు పెట్టి స్నానానికి నీళ్ళు కాచేవాళ్ళం కదా, అదే నిప్పు మీద ఇక్కడ రాళ్ళు కాగుతాయి. ఆ రాళ్ళ మీద గరిటెడు నీళ్ళు పోస్తే లేచే ఆవిరిని ఫిన్లాండ్ వాళ్ళు 'లోయులు' అంటారు. గదిలో వేడి 70 నుంచి 100 డిగ్రీల వరకు ఉంటుంది. గాలి పొడిగా ఉండి, చెమట వెంటవెంటనే ఆరిపోతుంది కాబట్టి ఒళ్ళు కాలదు. సిద్ధాంతం ఇంతవరకు చాలు. సుమారు 55 లక్షల జనాభా ఉన్న ఆ దేశంలో దాదాపు 30 లక్షల సౌనాలు ఉన్నాయని అంచనా. 2020లో యునెస్కో ఫిన్లాండ్ సౌనా సంస్కృతిని మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. వాళ్ళకది పవిత్రమైన చోటు. లోపల గొంతు తగ్గించి మాట్లాడతారు, మనమూ అలాగే ఉండాలి.

ముందు డాక్టరుగారిని అడగండి, అడిగే తీరు తెలుసుకుని అడగండి

"సముద్ర స్నానం చేయవచ్చా?" అని అడిగితే మన డాక్టరుగారి మనసులో మెదిలేది సూర్యలంక. ఆయన నవ్వుతూ సరే అంటారు. ఆ సమాధానం మీకు పనికిరాదు. రెండు ప్రశ్నలు విడివిడిగా, అంకెలతో అడగండి: "80 డిగ్రీల పొడి వేడిలో పది నిమిషాలు కూర్చోవచ్చా?" "ఆ వెంటనే 5 డిగ్రీల నీళ్ళలో ఛాతీ దాకా దిగవచ్చా?" మొదటిదానికి సరే అని, రెండోదానికి వద్దనడం చాలా మామూలు.

ఈమధ్య గుండెపోటు వచ్చినవాళ్ళు, స్టెంట్ వేయించుకున్నవాళ్ళు, నడిస్తే ఛాతీలో నొప్పి వచ్చేవాళ్ళు, గుండె లయ తప్పే జబ్బు ఉన్నవాళ్ళు, బీపీ అదుపులో లేనివాళ్ళు, మూర్ఛ ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టరు స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప వెళ్ళవద్దు. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళకు వేడిలో రక్తపోటు ఇంకా దిగి, లేచి నిలబడగానే కళ్ళు తిరగవచ్చు. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకు వేడిలో మందు త్వరగా ఒంటికి పట్టి షుగరు పడిపోవచ్చు. షుగరు చూసుకునే మిషను, ఒక పొట్లంలో పటిక బెల్లం వెంట ఉంచుకోండి. షుగరు వల్ల పాదాలు తిమ్మిరెక్కినవాళ్ళకు ఇంకో సంగతి: కాలినా, కోసుకున్నా మీకు తెలియదు. చెప్పులు లేకుండా ఒక్క అడుగు కూడా వేయవద్దు.

సముద్రం వద్దన్నారని సౌనాకే వెళ్ళడం మానుకోనక్కర్లేదు. వేడిలో కూర్చుని, బయట చెక్క అరుగు మీద చల్లగాలికి నిలబడినా సౌనా పూర్తయినట్లే. అక్కడివాళ్ళలోనూ అలా చేసేవాళ్ళున్నారు.

కావలసినవి

* ఈత దుస్తులు. స్త్రీపురుషులు కలిసి కూర్చునే సౌనాల్లో సాధారణంగా ఇవి తప్పనిసరి. ఒళ్ళంతా కప్పే ఈత దుస్తులు విజయవాడ, గుంటూరు క్రీడా దుకాణాల్లో దొరుకుతాయి. వాటిని అనుమతిస్తారో లేదో అమ్మాయినో అబ్బాయినో ముందే అడగమనండి. పంజాబీ డ్రెస్సుతో దిగుదామనుకోవద్దు. తడిసిన దుపట్టా, వదులు పైజామా నిచ్చెనకు చుట్టుకుంటాయి.
* తువ్వాళ్ళు రెండు. ఒకటి బల్ల మీద పరుచుకుని కూర్చోవడానికి, ఒకటి తుడుచుకోవడానికి. కూర్చోవడానికి మన చేనేత తుండుగుడ్డ చక్కగా సరిపోతుంది.
* వెనక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు లేదా నీళ్ళలో వేసుకునే బూట్లు.
* ఉన్ని టోపీ. నీళ్ళలో కూడా తీయకండి.
* తాగే నీళ్ళు, ఇంకా ఒక ఫ్లాస్కులో ఉప్పు వేసిన పలచని మజ్జిగ. మరో ఫ్లాస్కులో వేడి అల్లం టీ.
* తిరిగి వచ్చేటప్పుడు వేసుకోవడానికి గుండీలు లేని వదులు బట్టలు, మేజోళ్ళు. చీర వద్దు. చల్లని నీళ్ళలోంచి వచ్చాక వేళ్ళు మొద్దుబారి ఉంటాయి, కుచ్చిళ్ళు పెట్టుకోవడం సాధ్యం కాదు. నేను మొదటిసారి చీరతో వెళ్ళి, మా అమ్మాయి చేత కట్టించుకునే దాకా చలిలో వణుకుతూ నిలబడ్డాను.
* జిప్పు ఉన్న చిన్న సంచి, నగల కోసం.
* వెంట ఒక మనిషి. ఇది లేకపోతే పైవన్నీ ఉన్నా వెళ్ళకండి.

ఎలా చేయాలి

1. బయలుదేరడానికి రెండు వారాల ముందు, ఇంట్లోనే సాధన చేయండి. బకెట్టు నీళ్ళలో ఐసు గడ్డలు వేసి, రెండు పాదాలు, ఆ తర్వాత రెండు చేతులు మణికట్టు దాకా ముంచి అర నిమిషం ఉంచండి. నీళ్ళు తగలగానే ఊపిరి లోపలికి ఎగబీలుస్తాం. సాధన చేయాల్సింది దాన్ని ఆపడం కాదు, ఆ వెంటనే నోటితో నెమ్మదిగా గాలి వదలడం. రోజుకు ఒకసారి చాలు. చలికి వేళ్ళు తెల్లబడి నొప్పి పుట్టేవాళ్ళు మానేయండి.

2. చోటు ఎంచుకోండి. మొదటిసారి సిబ్బంది ఉండే చోటికే వెళ్ళండి. హెల్సింకీలో హెర్నెసారి తీరాన 2016లో తెరిచిన, ఆవిరి పేరే పెట్టుకున్న 'లోయులు' అనే చోటు అలాంటిది: కట్టెల సౌనాలు, ఈత దుస్తులు తప్పనిసరి, అరుగు మీద నుంచి సముద్రంలోకి దిగే మెట్లు. అదే నగరంలో స్వచ్ఛంద సేవకులు నిలబెట్టిన సోంపాసౌనా పేరున్న చోటే గానీ, అక్కడ బట్టలు వేసుకోవాలన్న నియమం లేదు, ఎవరి జాగ్రత్త వాళ్ళదే. మన వయసువాళ్ళు మొదటి అనుభవానికి అటు వెళ్ళవద్దని నా సలహా. ఐర్లాండ్, స్కాట్లాండ్ తీరాల్లో పీపా ఆకారంలో ఉండేవి, చక్రాల బండి మీద కట్టినవి చిన్న సౌనాలు ఉంటాయి. నలుగురైదుగురు మీవాళ్ళే ఉంటే మొత్తం గదిని మీకే బుక్ చేయమనండి. తొలిసారి సిగ్గు, కంగారు సగం తగ్గుతాయి.

ఫిన్లాండ్‌లో పొగసౌనా అని ఒక రకం ఉంది. దానికి పొగగొట్టం ఉండదు. గంటల తరబడి కట్టెలు కాల్చి, నిప్పు ఆరాక పొగను బయటికి పంపి, అప్పుడు లోపలికి వెళ్తారు. వేడి మెత్తగా ఉంటుంది, గోడలు మాత్రం మసి. తెల్లని తువ్వాలు తీసుకెళ్ళకండి. ఉబ్బసం ఉన్నవాళ్ళు మామూలు సౌనాకే వెళ్ళండి.

3. ఆ రోజు తిండి. రెండు గంటల ముందు తేలికగా తినండి: ఇడ్లీ, పెరుగన్నం లాంటివి. ఖాళీ కడుపు వద్దు, పప్పు, వేపుడు, ఆవకాయతో నిండు భోజనం అంతకంటే వద్దు. మద్యం ముందు కాదు, మధ్యలో కాదు. "ఒక్కటి తాగితే చలి తెలియదు" అని అల్లుడి స్నేహితులు అంటారు. చలి తెలియకపోవడమే అక్కడి ప్రమాదం.

4. నగలన్నీ తీయండి. ఇక్కడ మన ఆడవాళ్ళు ఆగిపోతారని తెలుసు. లోహం ఆ వేడిలో చర్మం మీద వాత పెడుతుంది. గాజులు, కమ్మలు, నల్లపూసలు, మట్టెలు, వెండి మొలతాడు, లోహపు కళ్ళజోడు, అన్నీ తీసి సంచిలో పెట్టండి. మంగళసూత్రం తీయడానికి మనసొప్పనివాళ్ళు గొలుసు తీసి, పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టుకుని వెళ్ళండి. దానికి వేడి ఎక్కదు. ఉంగరాల సంగతి వేరు. చల్లని నీళ్ళలో వేళ్ళు సన్నబడి, ఎన్నేళ్ళుగానో ఊడని ఉంగరం జారిపోతుంది. సముద్రంలో పడ్డాక వెతికేదేమీ ఉండదు. చెవిటి మిషను కూడా బయటే ఉంచండి. అలాంటివాళ్ళతో సైగలు ముందే మాట్లాడుకోండి: చెయ్యి పైకెత్తితే బయటికి రావాలి అని.

5. స్నానం చేసి వెళ్ళండి, నూనె వద్దు. లోపలికి వెళ్ళే ముందు సబ్బుతో స్నానం చేయడం అక్కడి మర్యాద. వేడికి మంచిదని తలకూ ఒంటికీ నూనె పట్టించుకుని వెళ్ళేవాళ్ళున్నారు. బల్లలు మరకలు పడతాయి, నిచ్చెన పట్టుకుంటే చెయ్యి జారుతుంది. ఇంకా ముఖ్యం, మోకాళ్ళకు నొప్పుల బామ్ రాసుకుని వెళ్ళకండి. ఆ వేడిలో అది భగ్గున మండుతుంది, కడిగినా వెంటనే తగ్గదు.

6. వేడిలోకి వెళ్ళక ముందే సముద్రాన్ని చూసి రండి. దాదాపు ఎవరూ చేయని పని ఇది. ఒళ్ళంతా చెమటతో, కళ్ళజోడు లేకుండా బయటికి వచ్చాక దారి చూసుకోలేరు. పొడి బట్టలతో ఉన్నప్పుడే నడిచి వెళ్ళి చూడండి: మెట్లు ఎన్ని ఉన్నాయి, కమ్మీ రెండు వైపులా ఉందా, నాచు పట్టిందా, అరుగు మీద మంచు గడ్డకట్టిందా, నీళ్ళు ఎంత లోతు. హెల్సింకీ ఒడ్డున ఉన్న బాల్టిక్ సముద్రంలో ఆటుపోట్లు దాదాపు ఉండవు, ఉప్పు కూడా మన సముద్రంతో పోలిస్తే చాలా తక్కువ. కాబట్టి ఒళ్ళు అంత తేలిగ్గా తేలదు. వేసవి చివర నీళ్ళు పచ్చగా, పప్పుచారులా చిక్కగా కనిపిస్తే అది విషపు నాచు కావచ్చు, దిగవద్దు. ఐర్లాండ్ తీరంలో ఆటుపోట్లకు నీటిమట్టం కొన్ని మీటర్లు మారుతుంది. గంట క్రితం మోకాలి లోతు ఉన్న చోటే ఇప్పుడు మెడ దాకా ఉండవచ్చు. అలలు అరుగును కొడుతుంటే ఆ రోజుకు బకెట్టు నీళ్ళతో సరిపెట్టుకోండి.

7. లోపల, కింది బల్ల మీద. వేడి పైకి చేరుతుంది. పై బల్లకూ కింది బల్లకూ ఇరవై, ముప్పై డిగ్రీల తేడా ఉండవచ్చు. తువ్వాలు పరుచుకుని కింద కూర్చోండి. మొదటి విడత ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు. గోడకు ఇసుక గడియారం ఉంటే తిప్పుకోండి. ఫోను లోపలికి తేవద్దు. పొయ్యికి దూరంగా నడవండి, లేచేటప్పుడు దాన్ని ఆసరాగా పట్టుకోకండి. నిలదొక్కుకోవడానికి ఏదో ఒకటి పట్టుకోవడం మనకు అలవాటు, ఆ చెయ్యి రాళ్ళ మీద పడకూడదు. కాలితే చల్లని కుళాయి నీళ్ళ కింద ఇరవై నిమిషాలు పెట్టండి. పసుపు, టూత్‌పేస్టు రాయకండి.

రాళ్ళ మీద నీళ్ళు పోసే ముందు పక్కవాళ్ళను అడగాలి. ఒక్క గరిటె చాలు. ఆవిరి ఒంటిని తాకినప్పుడు వేడి ఒక్కసారిగా రెట్టింపయినట్లు అనిపిస్తుంది, అర నిమిషంలో సర్దుకుంటుంది. తల వంచి, చేతులతో ముఖం కప్పుకోండి. బర్చ్ కొమ్మల కట్టతో ఒళ్ళు తట్టుకునేవాళ్ళు కనిపిస్తారు. మన వేపమండల్లాంటి కట్ట అది, వాసన హాయిగా ఉంటుంది. ఇస్తే ప్రయత్నించండి.

తల తిరిగినా, వికారంగా ఉన్నా, గుండె దడదడలాడినా వెంటనే లేవకండి. ముందు కిందికి జరిగి కూర్చుని, చెయ్యి అందించమని, అప్పుడు బయటికి రండి. ఒకే గదిలో ఇద్దరు ముగ్గురికి తలనొప్పి మొదలైతే అందరూ బయటికి వచ్చి తలుపు తెరిచి సిబ్బందికి చెప్పండి. కట్టెల పొయ్యి సరిగా మండకపోతే వాసన లేని విషవాయువు పుడుతుంది. కట్టెలు మీరు ఎగదోయవద్దు, గాలి రంధ్రాలు మూయవద్దు.

8. బయట రెండు నిమిషాలు ఆగండి. వేడిలోంచి పరుగెత్తి నీళ్ళలో దూకే కుర్రవాళ్ళను చూసి మనమూ అలాగే చేయాలనుకోవద్దు. అరుగు మీద కూర్చుని, నాలుగు గుక్కల మజ్జిగ తాగి, గుండె వేగం తగ్గాక లేవండి.

9. నీళ్ళలో దిగడం. నెమ్మదిగా చదవండి, వీలైతే ఇంట్లో పైకి చదివి వినిపించండి.

నిచ్చెన వైపు ముఖం పెట్టి, వెనక్కి దిగండి. రెండు చేతులూ కమ్మీ మీదే ఉండాలి, ఎంతసేపైనా సరే వదలకూడదు. వెంట వచ్చిన మనిషి పొడి బట్టలతో పైన నిలబడి మిమ్మల్నే చూస్తూ ఉండాలి, ఫోటో తీస్తూ కాదు. పాదాలు, మోకాళ్ళు, నడుము. నడుము దగ్గర ఆగండి. ఊపిరి ఎగబీలుస్తుంది, గుండె కొట్టుకుంటుంది, బీపీ పెరుగుతుంది. ఇది చల్లని నీళ్ళు తగిలిన మొదటి అర నిమిషంలో తీవ్రంగా ఉండి, రెండు మూడు నిమిషాల్లో తగ్గుతుంది. మనుషులు మునిగిపోయేది చాలాసార్లు ఈ తొలి క్షణాల్లోనే, ఈత వచ్చినవాళ్ళు కూడా.

ఊపిరి అదుపులోకి వచ్చిందో లేదో తెలుసుకోవడానికి నాకు పనికొచ్చిన పరీక్ష ఒకటుంది. పదమూడో ఎక్కం పైకి చదవండి, లేదా రోజూ స్నానంలో చదువుకునే శ్లోకం. ఒక్కో మాటకు ఒక్కో శ్వాస తీసుకుంటూ గొంతు తెగుతుంటే ఇంకా లోతుకు వెళ్ళకండి, పైకి రండి. తెగకుండా చదవగలిగితే ఛాతీ దాకా దిగండి. మొదటిసారి చలికాలంలో పది నుంచి ఇరవై సెకన్లు, వేసవిలో ఒక నిమిషం. అంతే.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. తల ముంచకండి. కృష్ణలోనైనా సముద్రంలోనైనా దిగితే మూడు మునకలు వేయడం మనకు చిన్నప్పటి నుంచి ఒంటికి పట్టిన అలవాటు. మావారు సెప్టెంబరులో చక్కగా నిచ్చెన పట్టుకుని దిగారు. నీళ్ళు 14 డిగ్రీలని పలక మీద రాసి ఉంది. ఛాతీ దాకా దిగగానే కళ్ళు మూసుకుని మునకలు మొదలుపెట్టారు. మొదటి మునకలోనే లోపల ఊపిరి ఎగబీల్చారు. నీళ్ళు గొంతులోకి వెళ్ళి, పైకి వచ్చి దగ్గుతూ చేతులు వదిలేశారు. అల్లుడు భుజం పట్టుకుని లాగకపోతే ఏమయ్యేదో ఈ రోజుకీ తలచుకోలేను. ఆయన తనకు చెప్పిన జాగ్రత్తలన్నీ పాటించిన మనిషి. మునకలు వేయవద్దని మాత్రం ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే ఆ అలవాటు ఉందని అక్కడివాళ్ళకు తెలియదు. భక్తి కోసం కావాలంటే, పైకి వచ్చాక దోసెడు నీళ్ళు తీసుకుని నెత్తిన చల్లుకోండి.

చలికాలంలో గడ్డకట్టిన సముద్రానికి రంధ్రం చేసి నిచ్చెన వేస్తారు. ఆ రంధ్రం దాటి ఒక్క అంగుళం కూడా అటూ ఇటూ కదలవద్దు.

10. పైకి రావడం. ఇంకాసేపు ఉండగలను అనిపించినప్పుడే రండి. చేతులు మొద్దుబారాక నిచ్చెన ఎక్కడం కష్టం. రాగానే తువ్వాలు చుట్టుకుని సౌనాలోకి వెళ్ళి మళ్ళీ కింది బల్ల మీదే కూర్చోండి. ఒళ్ళంతా సన్నగా చిమచిమలాడుతుంది, ఆ హాయి కోసమే ఇదంతా.

11. రెండో విడత, కావాలంటే మూడోది. పది నిమిషాలకు మించకుండా. ప్రతి విడత తర్వాత నీళ్ళు తాగండి. మూడు దాటవద్దు. తొలిసారి రెండోదానికే అలసిపోతే ఆపేయండి, డబ్బు కట్టాం కదా అని గంటంతా కూర్చోనక్కర్లేదు.

12. చివరగా. ఆఖరిసారి నీళ్ళలోంచి వచ్చాక ఒళ్ళు బాగా తుడుచుకుని, పైబట్టలు ముందు, తర్వాత మేజోళ్ళు, టోపీ. వెంటనే సలసల కాగే నీళ్ళతో స్నానం చేయకండి, కళ్ళు తిరిగి పడవచ్చు. నీళ్ళలోంచి వచ్చిన పది, ఇరవై నిమిషాలకు వణుకు పెరగడం చూసి కంగారు పడవద్దు. నీళ్ళలోంచి వచ్చాక కూడా ఒంటి లోపలి వేడి కొంతసేపు తగ్గుతూ ఉంటుంది. అల్లం టీ తాగుతూ కూర్చోండి. ఆ అరగంట కారు నడపవద్దు.

సరిగ్గా జరిగిందో లేదో ఎలా చూసుకోవాలి

"చర్మం గులాబీ రంగులోకి మారితే బాగున్నట్లు" అని అక్కడి పుస్తకాల్లో ఉంటుంది. మన చామనఛాయ ఒంటి మీద అది తెలియదు. పెదవులు, గోళ్ళ కింది భాగం చూడండి, నీలం రంగు ఉండకూడదు. బొటనవేలిని చిటికెనవేలికి తాకించి చూడండి. తాకించలేకపోతే అతిగా చల్లబడ్డారు, ఇంక నీళ్ళ జోలికి వెళ్ళవద్దు. పేరు, ఇంటి చిరునామా చెప్పమనండి. మాట ముద్దగా వస్తే, అడిగినదానికి పొంతన లేకుండా చెబితే, లేదా వణుకుతున్న మనిషి ఒళ్ళు వేడెక్కకుండానే వణకడం ఆపేస్తే అది ప్రమాదం. పొడి దుప్పట్లు కప్పి అంబులెన్సును పిలవండి. ఫిన్లాండ్‌లోనూ ఐర్లాండ్‌లోనూ 112 నంబరే, అదృష్టవశాత్తు మన దేశంలోదీ అదే.

సాయంత్రం తలనొప్పిగా ఉంటే చాలావరకు నీళ్ళు తక్కువైనందువల్లే. మూత్రం ముదురు పసుపు రంగులో ఉంటే ఇంకా తాగాలి.

మళ్ళీ మళ్ళీ వచ్చే ఇంకో రెండు ప్రశ్నలు

"సూర్యలంకలో ఇలా చేసుకోవచ్చు కదా?" సూర్యలంక గాలి తేమ, నీళ్ళు గోరువెచ్చన. వేడెక్కి దిగినా చల్లబడరు. సముద్రస్నానం సముద్రస్నానంగానే చేయండి, పోలీసులు పాతిన హద్దులు దాటకుండా. మన ఊళ్ళ హోటళ్ళలో, వ్యాయామశాలల్లో కరెంటు సౌనా ఉంటే వేడి అలవాటు చేసుకోవడానికి ఒకసారి వెళ్ళి చూడండి. అది పొడి వేడి గదో, ఆవిరి గదో అడగండి. ఆవిరి గది వేడి 40, 50 డిగ్రీలే అయినా నిండా తేమ ఉంటుంది. అందులో బాగున్నామంటే సౌనాలోనూ బాగుంటామని చెప్పలేం.

రెండోది నన్ను నిజంగా భయపెట్టిన ప్రశ్న. "బాత్రూంలో బొగ్గుల కుంపటి పెట్టి, తలుపు మూసి, రాళ్ళ మీద నీళ్ళు పోస్తే సరిపోదా?" అని ఒక పెద్దాయన అడిగారు. దయచేసి చేయకండి. మూసిన గదిలో బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. మత్తుగా ఉందనుకుంటూనే ప్రాణం పోతుంది. ఇంట్లో సౌనాకి బదులు ఏదీ లేదు. బకెట్టులో ఐసుతో చేసే సాధన ఒక్కటే ఇంట్లో చేయదగ్గది.

వెళ్ళి వచ్చిన మర్నాడు ఉదయం బీపీ, షుగరు ఉన్నవాళ్ళు రెండూ చూసుకోండి. ఎన్ని నిమిషాలు వేడిలో ఉన్నారు, నీళ్ళు ఎన్ని డిగ్రీలు, ఎన్ని సెకన్లు దిగారు, ఎక్కం తెగకుండా చదవగలిగారా అన్నది ఒక కాగితం మీద రాసి, దాన్ని ఫోటో తీసి గుంటూరులోనో విజయవాడలోనో ఉన్న మీ డాక్టరుగారికి పంపండి. రెండోసారి ఎప్పుడు వెళ్ళాలో ఆయన జవాబు వచ్చాక నిర్ణయించుకోండి.